ఢిల్లీ, న్యూఢిల్లీ, ఎన్‌సీటీ, ఎన్‌సీఆర్: నాలుగూ ఒకటేనా? రాజధాని అక్కడే ఎందుకు?

ప్రశ్న అడిగిన తమ్ముడు దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కి చదువుతున్నాడట. అడిగింది ఇదీ: రాజధాని ఏదంటే న్యూఢిల్లీ అని రాస్తాం, ముఖ్యమంత్రి దగ్గరికొచ్చేసరికి ఢిల్లీ ముఖ్యమంత్రి అంటాం, పేపర్లో ఒకరోజు ఎన్‌సీటీ అని, ఇంకోరోజు ఎన్‌సీఆర్ అని వస్తుంది, ఇవన్నీ ఒకటేనా? దేశంలో ఇన్ని ఊళ్లుండగా రాజధాని అక్కడే ఎందుకు పెట్టారు?

నేను అశోక్‌నగర్‌లో పద్దెనిమిదేళ్లుగా జాగ్రఫీ చెప్తున్నా, అంతకుముందు ఆరేళ్లు ఢిల్లీలోనే ఉన్నా, ఆ తర్వాత కూడా పిల్లల్ని తీసుకుని చాలాసార్లు వెళ్లొచ్చా. ఈ డౌట్ ప్రతి బ్యాచ్‌లో ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ఈసారి తీరిగ్గా రాస్తున్నా.

సూటిగా చెప్పాలంటే అన్నీ ఒకటి కాదు. ఢిల్లీ, ఎన్‌సీటీ ఒకటే, న్యూఢిల్లీ వేరు, ఎన్‌సీఆర్ వేరు. ఇంట్లో స్టీలు డబ్బాల సెట్టు ఉంటుంది చూడు, ఒకదాంట్లో ఒకటి పడతాయి, అట్లా. అన్నిటికంటే చిన్న డబ్బా న్యూఢిల్లీ, అంటే ఎన్‌డీఎంసీ (న్యూఢిల్లీ మున్సిపల్ కౌన్సిల్) చూసుకునే 42.7 చదరపు కిలోమీటర్లు. రాష్ట్రపతి భవన్, పార్లమెంటు, కన్నాట్ ప్లేస్, ఎంబసీలు ఉండే ప్రాంతం ఇదే. 2011 లెక్కల్లో అక్కడ జనం రెండున్నర లక్షల పైచిలుకు, అంతే. దాన్ని లోపల పెట్టుకున్న పెద్ద డబ్బా ఢిల్లీ, రాజ్యాంగంలో దాని పూర్తి పేరు జాతీయ రాజధాని ప్రాంతం ఢిల్లీ, దాన్నే ఎన్‌సీటీ అంటాం. 1,483 చదరపు కిలోమీటర్లు, 2011లో 1.68 కోట్ల జనం. ముఖ్యమంత్రి, 70 మంది ఎమ్మెల్యేలు దీనికే. ఇంకా పెద్ద డబ్బా ఎన్‌సీఆర్, అంటే నేషనల్ క్యాపిటల్ రీజియన్, అది రాష్ట్రమూ కాదు కేంద్రపాలిత ప్రాంతమూ కాదు, 1985లో చేసిన చట్టంతో వచ్చిన ప్లానింగ్ ఏరియా మాత్రమే. ఢిల్లీతో పాటు హర్యానా, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్ జిల్లాలు కొన్ని అందులోకి వస్తాయి, మొత్తం 55 వేల చదరపు కిలోమీటర్లు దాటుతుంది, అంటే మన తెలంగాణలో దాదాపు సగం.

ఇవి కాక న్యూఢిల్లీ జిల్లా అని ఇంకొకటుంది, ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. అది రెవెన్యూ జిల్లా, ఎన్‌డీఎంసీ హద్దు వేరు దీని హద్దు వేరు. 1997లో ఢిల్లీని 9 జిల్లాలు చేశారు, 2012లో 11 చేశారు, అప్పుడు ఢిల్లీ కంటోన్మెంట్, వసంత్ విహార్ వైపు కూడా న్యూఢిల్లీ జిల్లాలోకే వచ్చాయి. మనకి హైదరాబాద్ జిల్లా వేరు, జీహెచ్ఎంసీ వేరు, హెచ్ఎండీఏ వేరు, మధ్యలో సికింద్రాబాద్ కంటోన్మెంట్ తన బోర్డు తనదే అన్నట్టు ఉంటుంది కదా, అక్కడా అదే కథ. ఇది గుర్తుపెట్టుకుంటే ఎగ్జామ్‌లో తడబడవు.

ఈ హద్దులు కాగితం మీద గీతలే అనుకోకు. నేను ఢిల్లీ వెళ్లిన కొత్తలో నోయిడాలో ఉన్న ఫ్రెండ్ దగ్గరికి రాత్రి పదింటికి రెండు బ్యాగులేసుకుని ఆటో ఎక్కా, ఆటో అతను బార్డర్ దగ్గర బండి ఆపేసి ఇంక అవతలికి పర్మిట్ లేదు, దిగమన్నాడు. ఒకటే రోడ్డు, అవే లైట్లు, నాకు తేడా ఏమీ కనపడలేదు. బ్యాగులు మోసుకుంటూ ఉత్తరప్రదేశ్‌లోకి నడిచి వెళ్లి అక్కడ ఇంకో ఆటో పట్టుకున్నా. ఎన్‌సీటీకి ఎన్‌సీఆర్‌కి తేడా పుస్తకంలో కంటే ముందు నాకు అట్లా తెలిసింది.

ఇప్పుడు రెండో ప్రశ్న, అక్కడే ఎందుకు. దీనికి చాలామంది 1911 నుంచి మొదలుపెడతారు, నేను ఒప్పుకోను. ఢిల్లీ అర్థం కావాలంటే ముందు రెండు గీతలు గీయాలి: ఒకటి రాతి గుట్ట, రెండోది యమున. ఒక తెల్లకాగితం తీసుకుని తూర్పు పక్కన పైనుంచి కిందికి యమున గీయి. ఆరావళి కొండలు గుజరాత్ నుంచి రాజస్థాన్ మీదుగా వచ్చి వచ్చి ఢిల్లీలో ఆగిపోతాయి, ఆ చివరి తోకనే అక్కడ రిడ్జ్ అంటారు. దక్షిణాన తుగ్లకాబాద్, మెహ్రౌలీ వైపు నుంచి ఎక్కి, ఊరికి పడమరగా సాగి, ఉత్తరాన వజీరాబాద్ దగ్గర నదిని తాకబోయి అయిపోతుంది. గుట్టకీ నదికీ మధ్య ఒక త్రికోణం మిగుల్తుంది చూడు, పాత ఢిల్లీలన్నీ ఆ త్రికోణంలోనో దాని అంచు మీదనో పుట్టినవే.

మన జూబ్లీహిల్స్ గుండ్రాళ్లు గ్రానైట్, సుమారు 250 కోట్ల ఏళ్ల నాటివి. రిడ్జ్ రాయి క్వార్ట్‌జైట్, దానికంటే వయసులో చిన్నది, కానీ మహా గట్టిది. ఒకసారి పిల్లలతో రిడ్జ్ మీదికి వెళ్లినప్పుడు ఒక నల్గొండ పిల్ల ఆగిపోయి "సార్, ఇది మా ఊరి సర్కారు తుమ్మ కదా" అంది. నిజమే, అక్కడ విలాయతీ కీకర్ అంటారు, బ్రిటిష్ వాళ్లు గుట్ట పచ్చగా కనపడాలని తెచ్చి వేశారు, ఇప్పుడది అక్కడి సొంత చెట్లని మింగేసి కూర్చుంది. మన చెరువు కట్టల మీద ఏం జరిగిందో అక్కడా అదే.

ఇంకొంచెం దూరం జరిగి మ్యాప్ చూడు. పైన హిమాలయం, కింద పడమర వైపు థార్ ఎడారి, మధ్యలో పంజాబ్ నుంచి గంగా మైదానానికి దారి ఇరుకైపోతుంది. పడమటి నుంచి సైన్యం వస్తే ఈ సందులోంచే రావాలి. అందుకే తరాయిన్, పానిపట్టు, కురుక్షేత్రం అన్నీ ఢిల్లీకి ఉత్తరాన ఒకే వరసలో ఉంటాయి. పానిపట్టులో 1526, 1556, 1761, మూడు యుద్ధాలూ ఢిల్లీ కోసమే. ఢిల్లీ చేతిలో ఉన్నవాడికి గంగ వైపు తలుపు తాళం చేతిలో ఉన్నట్టే. పైగా గుట్ట మీద కోటకి రాయి దొరుకుతుంది, కింద నది ఉంది, నది పక్కన పంట పండే ఒండ్రు నేల ఉంది.

కానీ రాయి ఉన్నచోట నీళ్లుండవు, నీళ్లున్న చోట వరద వస్తుంది. ఢిల్లీ చరిత్ర మొత్తం ఈ గొడవే అని నేను క్లాసులో చెప్తా. మొదట తోమర్ల లాల్‌కోట్ 11వ శతాబ్దంలో మెహ్రౌలీ గుట్ట మీద లేచింది, నదికి చాలా దూరం. 1192లో పృథ్వీరాజ్ ఓడిపోయాక వచ్చిన సుల్తానులు కూడా అక్కడే కూర్చున్నారు, కుతుబ్ మినార్ ఉన్నది అక్కడే, గుప్తుల నాటి ఇనుప స్తంభం అక్కడే. తాగడానికి నీళ్లు లేక ఇల్తుత్‌మిష్ 1230 ప్రాంతంలో హౌజ్-ఎ-షమ్సీ అనే చెరువు తవ్వించాడు, చుట్టూ మెట్లబావులు కట్టారు. అల్లావుద్దీన్ ఖిల్జీ 1303లో సిరి అనే కోట కట్టి దానికోసం హౌజ్ ఖాస్ తవ్వించాడు. ఇప్పుడు కుర్రాళ్లు కాఫీకి వెళ్లే హౌజ్ ఖాస్ అసలు ఊరి మంచినీళ్ల చెరువు. 1321లో గియాసుద్దీన్ తుగ్లక్ మళ్లీ రాతి మీదికెక్కి తుగ్లకాబాద్ కట్టాడు, అది కొన్నేళ్లకే పాడుబడింది, నీళ్ల కరువే దానికి ముఖ్య కారణమని చెప్తారు. ఆ తర్వాత ఫిరోజ్ షా తుగ్లక్ 1354లో ఏకంగా యమున ఒడ్డుకి దిగిపోయాడు, నదికి ఎగువ నుంచి కాలువ కూడా తవ్వించాడు. హుమాయూన్ పురానా ఖిలా, షాజహాన్ ఎర్రకోట, ఇవన్నీ ఒడ్డునే. ఎర్రకోట 1639లో మొదలై 1648కి పూర్తయింది, అప్పుడు యమున కోట గోడని తాకుతూ పారేది. తర్వాత నది తూర్పుకి జరిగిపోయింది, ఇప్పుడు ఆ గోడ పక్కన పారేది రింగ్ రోడ్డు ట్రాఫిక్.

జరిగిపోయింది అంటే మర్చిపోయింది అని కాదు. 2023 జులైలో పాత ఇనుప వంతెన దగ్గర నీటి మట్టం 208.66 మీటర్లకి ఎక్కింది, అంతకుముందు రికార్డు 1978 నాటి 207.49, ప్రమాద స్థాయి 205.33. నీళ్లు రింగ్ రోడ్డెక్కి ఎర్రకోట వెనక గోడ దాకా వచ్చాయి, టీవీలో ఆ బొమ్మ చూసి నేను చాలాసేపు అలాగే కూర్చుండిపోయా, షాజహాన్ కాలం నాటి నది కళ్ల ముందు కనపడింది. 1908 మూసీ వరద కథలు విని పెరిగిన ఊరు మనది, నదికి తన జాగా గుర్తుంటుందని మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇక్కడ కొంచెం పక్కకి వెళ్తా, ఎందుకంటే ఇది మనవాళ్లు తెలుసుకోవాల్సింది. నాది హనుమకొండ. తుగ్లకాబాద్ గోడలు లేస్తున్న రోజుల్లోనే, 1323లో, ఆ సుల్తాను కొడుకు వచ్చి ఓరుగల్లు కోట పట్టుకున్నాడు, అతనే తర్వాత మహమ్మద్ బిన్ తుగ్లక్. ప్రతాపరుద్రుణ్ణి బందీగా ఢిల్లీకి తీసుకెళ్తుంటే దారిలోనే పోయాడు. ఆ బందీల్లో కాకతీయుల కొలువు మనిషి ఇంకొకడున్నాడు, ఢిల్లీ చేరి మతం మారి మాలిక్ మక్బూల్ అయ్యాడు, ఫిరోజ్ షా కాలానికి ఖాన్-ఎ-జహాన్ బిరుదుతో వజీర్ అయ్యాడు, అంటే సుల్తాను తర్వాత అంతటివాడు. చరిత్రలో అతని పేరు పక్కన తిలంగానీ అనే ఉంటుంది. అతని సమాధి నిజాముద్దీన్ బస్తీలో ఉంది, ఢిల్లీలో ఎనిమిది పలకల సమాధుల్లో మొట్టమొదటిదని చెప్తారు, తర్వాత సయ్యద్, లోదీ సుల్తానుల సమాధులు ఆ పద్ధతిలోనే వచ్చాయి.

నేను మొదటిసారి వెళ్లినప్పుడు దర్గా సందుల్లో కబాబుల పొగ, గులాబీల బుట్టలు దాటుకుంటూ నలుగుర్ని అడిగితే గానీ దొరకలేదు. ఇళ్ల మధ్య ఇరుక్కుపోయి ఉంది, గుమ్మటం పక్కనే బట్టలారేసిన తాడు. ఒక ముసలాయన ఎక్కడినుంచి వచ్చావంటే తెలంగాణ అన్నా, ఆయన సమాధి వైపు చెయ్యి చూపించి "తిలంగానీ" అని నవ్వాడు. నాకు గొంతు పట్టేసింది. ఢిల్లీ వెళ్లే ప్రతి తెలుగు పిల్లవాడూ ఎర్రకోట ముందు ఫోటో దిగుతాడు, ఇక్కడికొచ్చేవాడు ఒక్కడూ ఉండడు, అది నాకు చాలా బాధ.

సరే, బ్రిటిష్ వాళ్ల దగ్గరికి వద్దాం. 1857 తిరుగుబాటు అణచాక వాళ్లు ఢిల్లీని పంజాబ్‌లో కలిపి ఒక మామూలు జిల్లా ఊరు చేసేశారు, రాజధాని కలకత్తా. 1911 డిసెంబర్ 12న దర్బార్‌లో ఐదో జార్జి రాజధాని ఢిల్లీకి మారుస్తున్నామని ప్రకటించాడు. కారణాలు: కలకత్తా దేశానికి ఒక మూలన పడింది, 1905 బెంగాల్ విభజన తర్వాత అక్కడ ఉద్యమం వేడి తగ్గలేదు, వేసవి రాజధాని సిమ్లాకి ఢిల్లీ దగ్గర, అన్నిటికీ మించి మొఘలుల గద్దె ఉన్న ఊళ్లో కూర్చుంటే మేమే చక్రవర్తులం అని జనానికి చెప్పినట్టు అవుతుందని లెక్క.

మూడు రోజుల తర్వాత శంకుస్థాపన చేసింది ఊరికి ఉత్తరాన, దర్బార్ జరిగిన చోటే. కానీ ప్లానింగ్ కమిటీ వచ్చి చూస్తే అది పల్లం, వరద నీళ్లు నిలుస్తాయి, మలేరియా, పెద్ద ఊరికి చోటు కూడా చాలదు. దాంతో దక్షిణాన ఎత్తుగా, రాతి మీద ఉన్న రైసినా గుట్టకి మార్చారు. చూశావా, మళ్లీ రాయీ నీళ్ల గొడవే! రైసినా, మాల్చా లాంటి ఊళ్ల భూములు 1894 భూసేకరణ చట్టం కింద తీసుకున్నారు, ఆ రైతుల ఊళ్లు పోయి పేర్లు మాత్రం మిగిలాయి. ఏ రాజధాని కట్టినా కింద ఒక ఊరుంటుందని పిల్లలకి నేను తప్పకుండా చెప్తా.

పాలనాపరంగా ఢిల్లీ జిల్లాలో కొంత భాగాన్ని 1912 అక్టోబర్ 1న పంజాబ్ నుంచి విడదీసి చీఫ్ కమిషనర్ ప్రావిన్స్ చేశారు, 1915లో యమున అవతలి 65 ఊళ్లని అప్పటి యునైటెడ్ ప్రావిన్సెస్ నుంచి తెచ్చి కలిపారు. అందుకే నది దాటాక కూడా షాదరా వైపు కొంత ముక్క ఢిల్లీలోనే ఉంటుంది, దాని తర్వాతే ఘాజియాబాద్ మొదలవుతుంది. ఇప్పటి ఎన్‌సీటీ ఆకారం దాదాపుగా అప్పుడు వచ్చిందే.

కొత్త ఊరు కట్టడానికి ఇరవై ఏళ్లు పట్టింది, 1931 ఫిబ్రవరిలో వైస్రాయ్ ఇర్విన్ ప్రారంభించాడు. ఈలోగా పని సివిల్ లైన్స్‌లోని పాత సెక్రటేరియట్ నుంచి నడిచింది, ఇప్పుడు ఢిల్లీ అసెంబ్లీ కూర్చునేది ఆ బిల్డింగ్‌లోనే. లుటియెన్స్, బేకర్ ఇద్దరు ఆర్కిటెక్ట్‌లు, ఇద్దరికీ గుట్ట ఏటవాలు గురించి పెద్ద గొడవ. ఇది నువ్వే నడిచి చూడొచ్చు. ఇండియా గేట్ నుంచి కర్తవ్య పథ్ మీద రాష్ట్రపతి భవన్ వైపు నడుస్తుంటే గుమ్మటం దర్జాగా కనపడుతుంది, విజయ్ చౌక్ దగ్గర పడేకొద్దీ అది మెల్లగా కిందికి దిగిపోయి భవనం మాయమైపోతుంది, గుట్టెక్కాక మళ్లీ బయటపడుతుంది. మొదటిసారి నా స్టూడెంట్ ఒకడు రెండడుగులు వెనక్కి, రెండడుగులు ముందుకి వేసి నాలుగుసార్లు చూశాడు. రెండు సెక్రటేరియట్ బ్లాకులూ అదే గుట్ట మీద ముందుకి రావడం, మధ్యలో రోడ్డు నిటారుగా ఎక్కడం, అందుకే అట్లా జరుగుతుంది. లుటియెన్స్ దాన్ని చివరిదాకా మర్చిపోలేదు.

స్వాతంత్ర్యం తర్వాతి తేదీలు ఎగ్జామ్ కోసం గబగబా చెప్తా. విభజనతో వచ్చిన శరణార్థులతో 1941లో 9.18 లక్షలున్న జనం 1951కి 17.44 లక్షలయ్యారు, లాజ్‌పత్ నగర్, రాజేంద్ర నగర్ లాంటివి వాళ్ల కాలనీలే. 1952లో ఢిల్లీకి 48 సీట్ల అసెంబ్లీ వచ్చింది, మొదటి ముఖ్యమంత్రి చౌధరీ బ్రహ్మ్ ప్రకాశ్. ఆ అసెంబ్లీ పోయి కేంద్రపాలిత ప్రాంతం అయిన రోజు 1956 నవంబర్ 1. ఈ తేదీ మనం వేరే కథలో చదువుకుంటాం కదా, హైదరాబాద్ ఆంధ్రప్రదేశ్‌కి రాజధాని అయిన రోజే ఢిల్లీ తన ప్రభుత్వాన్ని పోగొట్టుకుంది, రెండూ ఒకే చట్టం పని. 1991లో 69వ రాజ్యాంగ సవరణతో 239ఎఎ అధికరణం వచ్చింది, ఎన్‌సీటీ అనే పేరు అప్పటిదే, 1993లో మళ్లీ ఎన్నికలు.

ఇక్కడ ఒక జాగ్రత్త: అసెంబ్లీ ఉంది కాబట్టి రాష్ట్రం అని రాయకు. పోలీసు, శాంతిభద్రతలు, భూమి, ఈ మూడూ అసెంబ్లీ చేతిలో ఉండవు. ఢిల్లీ పోలీసులు కేంద్ర హోంశాఖ కింద, భూమి చూసే డీడీఏ కేంద్రం కింద. ఉద్యోగుల పోస్టింగుల మీద 2023లో సుప్రీంకోర్టు తీర్పు, దాని వెనకే పార్లమెంటు చేసిన సవరణ చట్టం, రెండూ కలిపి చదువుకో, ఒకటి వదిలేస్తే జవాబు తప్పు వస్తుంది. ఎన్‌డీఎంసీకి కూడా ఎన్నికైన మేయర్ ఉండడు, చైర్మన్‌ని కేంద్రమే వేస్తుంది. మేయర్ ఉండేది ఢిల్లీలో మిగతా చాలా భాగాన్ని చూసుకునే ఎంసీడీకి (ఢిల్లీ మున్సిపల్ కార్పొరేషన్), దాన్ని 2012లో మూడు చేసి 2022లో మళ్లీ ఒకటి చేశారు.

ఇంటర్వ్యూకో ఎగ్జామ్‌కో ఢిల్లీ వెళ్తే ఒక రోజు మిగుల్చుకో. పొద్దున్నే మెహ్రౌలీ, మధ్యాహ్నానికి ఇండియా గేట్. అక్కడ సర్కిల్ పక్కన సీతాకోకచిలుక రెక్కల్లా విచ్చుకున్న భవనం ఒకటుంది, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ లుటియెన్స్‌తో కట్టించుకున్న హైదరాబాద్ హౌస్, ఇప్పుడు ప్రధాని వేరే దేశాల వాళ్లని కలిసేది అందులోనే, లోపలికి మనల్ని రానివ్వరు, గేటు బయట నుంచి చూడాలి. దాన్ని ఆనుకునే ఆంధ్రా భవన్, అక్కడ క్యాంటీన్‌లో పప్పూ గోంగూరా వేసుకుని తినేసి సాయంత్రం నిజాముద్దీన్ బస్తీకి వెళ్లు. అడగాల్సిన పేరు తిలంగానీ కా మక్బరా. ఒకరిద్దరికి తెలియకపోయినా మూడోవాడు చూపిస్తాడు.